నిశ్శబ్దం గారి కొత్త పంపు

పాపకు ఆరో నెల వచ్చేసరికి తల్లి ప్రసూతి సెలవు అయిపోయింది. ఆఫీసుకు తిరిగి వెళ్లే రోజు ఉదయం, వంటింటి బల్ల మీద సరంజామా అంతా పరిచి అత్తగారికి ఏర్పాట్లు మరోసారి వివరించింది. పొద్దున్నే పాపకు పాలిచ్చి బయలుదేరుతుంది. ఆఫీసులో టీ వేళకు ఒకసారి, భోజనమయ్యాక ఒకసారి, సాయంత్రం ఇంకోసారి చిన్న మిషనుతో పాలు తీసి, సీసాల్లో పోసి, మంచుదిమ్మలున్న సంచీలో పెట్టి ఇంటికి తెస్తుంది. మర్నాడు పాపకు అవే పాలు. ఈ రోజుకు సరిపడా ముందే తీసి ఫ్రిజ్‌లో ఉంచింది.

అత్తగారు మిషనును అటూ ఇటూ తిప్పి చూసింది. అరచేతిలో ఇమిడే మోటారు, దానికి రెండు సన్నటి గొట్టాలు, వాటి చివర రెండు గరాటులు, గరాటుల కింద రెండు సీసాలు.

"ఇంత మిషనుకి రెండు గరాటులెందుకే అమ్మాయ్?"

"రెండు వైపులా ఒకేసారి తీస్తుంది అత్తయ్యా. టైము కలిసొస్తుంది."

"మన పిల్లయితే మధ్యలో ఆగి మొహంలోకి చూసి నవ్వుతుంది. ఇది నవ్వుతుందా?"

"నవ్వదు. గుర్రుమంటుంది."

"మీ మామయ్య లాంటిదన్నమాట. అయితే పర్వాలేదు, అలవాటైపోతుంది," అంది అత్తగారు.

పాప బుగ్గ మీద ఒకటికి నాలుగు ముద్దులు పెట్టి, గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి ఇంకో ముద్దు పెట్టి, ఆమె సంచీ భుజాన వేసుకుని బయలుదేరింది. పాలు తగ్గిపోతాయేమోనన్నది ఒక్కటే ఆమె బెంగ. వేళ తప్పకుండా తీస్తేనే నిలుస్తాయని డాక్టరు గట్టిగా చెప్పి పంపింది.

ఆమె పనిచేసేది నీటి పంపులు తయారుచేసే కంపెనీలో. పంపు తిరిగేటప్పుడు వచ్చే అదురునూ చప్పుడునూ తగ్గించడం ఆమె ఉద్యోగం. పైగా మనిషి కూడా గొంతెత్తి మాట్లాడే రకం కాదు. అందుకని ఆఫీసులో ఆమెను అందరూ నిశ్శబ్దం గారనేవారు. చిక్కంతా ఇక్కడే వచ్చింది. ఊళ్లో మరే ఆఫీసులోనైనా ఒక బాలింత పంపు అంటే ఏ పంపో ఇట్టే అర్థమయ్యేదేమో. పంపుల కంపెనీలో పంపు అంటే పంపే.

ఆఫీసులో గదులూ తాళాలూ కుర్చీలూ చూసే ఆయన నడుముకు ఎప్పుడూ ఒక తాళంచెవుల గుత్తి వేలాడుతూ ఉంటుంది. ఆయన వస్తున్నట్టు రెండు గదుల అవతలికే తెలుస్తుంది. ఆయన పేరు తాళాలాయన.

"రండి మేడమ్, రండి! పాప బావుందా? ఎవరి పోలిక?"

"బావుందండీ. అత్తగారివైపు వాళ్లు వాళ్ల పోలికంటారు, మా అమ్మవాళ్లు మా పోలికంటారు. నాకొక చిన్న గది కావాలండీ."

"దేనికండీ?"

పక్క బల్ల దగ్గర ఇద్దరు మగవాళ్లు కూర్చుని ఉన్నారు. పాలు అనే మాట ఆమె నోటి దాకా వచ్చి ఆగిపోయింది. గొంతు బాగా తగ్గించి, "పంపు పెట్టుకోవాలి," అంది.

"దానికి గదెందుకు మేడమ్? మీ విభాగంలో అందరూ హాల్లోనే పెడతారుగా."

"అమ్మో, అందరి ముందా! వద్దండీ. లోపల గడియుండాలి, ప్లగ్గుండాలి, కిటికీకి తెరుండాలి."

తాళాలాయన కుర్చీలో ముందుకు జరిగాడు. "ఏ మోడలండీ?"

"చిన్నదే. ఇదిగో, ఈ సంచీలో పట్టేసింది. ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకున్నాను. ఈ నెలంతా దీంతో కుస్తీ పట్టి ఇప్పటికి దారిలో పెట్టాను. ఎవరితోనూ అనకండి, మొహమాటంగా ఉంటుంది."

"మేడమ్, ఈ గుత్తికి ఎన్ని తాళాలో నా నోటికీ అన్నే," అన్నాడు తాళాలాయన గుండె మీద చెయ్యేసుకుని.

పాత నమూనాలు పడేసే గదిని ఆయన అప్పటికప్పుడు ఊడ్పించి, కుర్చీ వేయించి, కిటికీకి తెర కట్టించాడు. తలుపుకు అట్టముక్క కూడా తగిలించాడు. దాని మీద "పంపు పరిశోధన జరుగుతోంది. లోపలికి రాకూడదు" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అది చదివి ఆమెకు ప్రాణం లేచివచ్చింది. తన సిగ్గు దాచడానికి ఎంత మర్యాదైన సాకు వెతికాడు పాపం అనుకుంది. గడియ వేసుకుని మిషను పెట్టుకుని, ఫోనులో పాప ఫొటో చూస్తూ కూర్చుంటే కాసేపటికే సీసా నిండింది.

తాళాలాయన మాట మీద నిలబడ్డాడు. ఎవరికీ చెప్పలేదు, ఒక్క అమ్మకాల అధికారికి తప్ప. అది కూడా ఆయన నమూనాల గది తాళం అడిగాడు కాబట్టి. ఆ అధికారి గదిలోకి వస్తే బల్ల మీది కాగితాలు ఎగిరిపోతాయి. అందరూ తుపాను అంటారు. తుపాను చెవిన పడ్డ మాట మధ్యాహ్నానికి మేడ మీద పెద్దాయన దగ్గరికి చేరింది. పెద్దాయన అంటే కంపెనీ యజమాని. చిన్న కొట్టుతో మొదలుపెట్టి కంపెనీ కట్టిన మనిషి, పంపులు తప్ప వేరే లోకం ఎరుగడు.

మర్నాడు ఆమె గదిలోంచి సంచీతో బయటికి వస్తుంటే వరండాలో ఆయన ఎదురయ్యాడు.

"ఏమ్మా, నీ పంపు సంగతి విన్నాను."

ఆమె సంచీని చున్నీ చాటుకు లాక్కుంది. "సారీ సార్. టీ వేళలోనూ భోజనం వేళలోనూ తప్ప..."

"సారీ ఎందుకమ్మా? గర్వపడాల్సిన విషయం. బాగా పనిచేస్తోందా?"

ఆ మాటకు ఆమె సగం సిగ్గు ఎగిరిపోయింది. ఇంత వయసు మనిషి ఇంత మామూలుగా అడుగుతున్నాడంటే ఎంత పెద్ద మనసు! "బాగానే ఉంది సార్. నిన్న మొదట్లో కొంచెం కంగారుపడ్డాను. కంగారుపడితే రాదు."

"నిజం. ఏ పనైనా అంతే. ఎంత వస్తోంది?"

"పూటకి ఒక సీసా సార్."

"సీసానా? అంతేనా?"

"వాడేకొద్దీ పెరుగుతుందని డాక్టరుగారు చెప్పారు."

ఎవరో పెద్ద చదువు చదివిన శాస్త్రవేత్త సలహా కూడా ఉందన్నమాట అనుకున్నాడు పెద్దాయన. "చప్పుడు?"

"తలుపు వేస్తే బయటికి వినబడదు సార్."

"పీల్చేది ఒకవైపేనా?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అయినా అంత ఆదరంగా అడిగినవాడికి జవాబు చెప్పకపోతే బాగుండదు. "రెండు వైపులా సార్. ఒకేసారి."

"డబుల్ సక్షన్!" పెద్దాయన గోడకు చెయ్యి ఆనించాడు. "అరచేతిలో డబుల్ సక్షన్! కరెంటు పోతే?"

"బ్యాటరీ ఉంది సార్. బస్సులో కూడా పెట్టుకోవచ్చట. నాకే అంత ధైర్యం లేదు."

"ధైర్యం సంగతి నాకొదిలెయ్. ఇది ఇంకెవరైనా చూశారా?"

"మా ఆయనా, మా అత్తయ్యా..."

"సరే. ఇక ఇంకెవరికీ చూపించకు."

"అయ్యో, నేనెందుకు చూపిస్తాను సార్!" అంది ఆమె ఉలిక్కిపడి.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, పాపను ఒళ్లో వేసుకుని, "అత్తయ్యా, మా పెద్దాయన దేవుడు. ఎంత వస్తోంది, ఎలా వస్తోంది అని సొంత తండ్రిలా కనుక్కున్నాడు," అంది. అత్తగారు కాస్త వింతగా చూసి, "మరీ అంత వివరంగా ఎందుకే ఆయనకి?" అంది. పాప తాగుతూ తాగుతూ ఆగి నవ్వింది. ఆ మాట అంతటితో పోయింది.

ఆ తర్వాత ఆఫీసులో ఆమెకు జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు. గది ముందు కాపలాకు ఒక మనిషిని నిలబెట్టారు. కుర్చీకి దిండు వచ్చింది. ఎదురుపడిన ప్రతివాళ్లూ గొంతు తగ్గించి, "ఎలా సాగుతోంది మేడమ్?" అని అడిగి వెళ్లేవారు. ఆమె కింద పనిచేసే కుర్ర ఇంజనీరు ఒకడు చేతులు కట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, అది ఎలా పనిచేస్తుందో నాకూ నేర్పిస్తారా?"

"నీకెందుకు నాయనా? మీ ఆవిడకి అవసరమొచ్చినప్పుడు తనకే చెప్తాలే."

"మా ఆవిడ టీచరండీ."

"టీచరైతే మాత్రం అవసరం రాదా?" అంది ఆమె. ఆ కుర్రవాడు రెండు రోజులు ఆలోచించినా ఆ మాటలో కిటుకేమిటో తెలియలేదు.

ఇంతలో పెద్దాయన ఒక పెద్ద పని చేశాడు. ఎత్తైన ఇళ్ల సముదాయాలు కట్టే సంస్థ ఒకటి ఎన్నో ఏళ్లుగా ఆయన దగ్గరే పంపులు కొంటోంది. ఈ మధ్య ఆ ఇళ్లలోవాళ్లు పంపుల చప్పుడుకు నిద్ర పట్టడం లేదని గోల చేయడంతో వాళ్లు వేరే కంపెనీ వైపు చూస్తున్నారు. వాళ్లు పోతే కింద ఒక వరస యంత్రాలు ఆగిపోతాయి, వాటి దగ్గర పనిచేసేవాళ్లు ఇంటికి పోవాలి. పెద్దాయనకు ఆ దిగులు పట్టుకుని ఉంది. ఫోను తీసి, "మా నిశ్శబ్దం గారు అసలు చప్పుడే లేని పంపు కనిపెట్టింది, వచ్చి చూడండి," అన్నాడు. వాళ్లు వస్తామన్నారు. ఈ సంగతి ఆమెకు చెప్పే పని తుపానుకు అప్పగించారు. తుపాను వెళ్లి, "మేడమ్, రేపు మీ పంపుకి మంచిరోజు!" అని చెప్పి సుడిగాలిలా వెళ్లిపోయాడు. ఆమె అది దీవెన అనుకుంది.

మర్నాడు వాళ్లు చెప్పిన వేళకంటే ముందే దిగారు. ఆ సమయానికి ఆమె తన బల్ల దగ్గర పనిలో మునిగి ఉంది. గదిలో అరలో, శుభ్రంగా కడిగి ఆరబెట్టిన పంపు శుభ్రమైన గుడ్డ మీద ఉంది. తాళాలాయన తన దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీశాడు. తుపాను ఆ గుడ్డతో సహా పంపును రెండు చేతులా ఎత్తుకుని సమావేశపు గదికి పరుగు తీశాడు. దారిలో జేబులోంచి కంపెనీ ముద్ర ఉన్న బిళ్ల తీసి మోటారు మీద అతికించాడు.

కాసేపటికి అత్తగారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. "ఏమీ కంగారు లేదే అమ్మాయ్. నిద్రలేచి నీకోసం ఏడుస్తోంది. నీ గొంతు వింటే ఊరుకుంటుందేమో, ఒక్క మాట మాట్లాడు."

పాప ఏడుపు చెవిన పడగానే ఆమె కళ్లలో నీళ్లు రాలేదు గానీ పాలు మాత్రం పొంగుకొచ్చాయి. నాలుగు మాటలు చెప్పి పాపను ఊరడించి, చున్నీ ముందుకు లాక్కుని, గబగబా గదికి వెళ్లింది. అరలో పంపు లేదు. గుడ్డ కూడా లేదు. బల్ల కింద చూసింది, కుర్చీ వెనక చూసింది, సంచీ బోర్లించింది. సంచీ మళ్లీ సర్దుకుని భుజాన వేసుకుని బయటికి వచ్చేసరికి ఎదురుగా తాళాల చప్పుడు.

"నా పంపు కనబడడం లేదండీ!"

"కంగారుపడకండి మేడమ్. భద్రంగా పెద్దాయన ముందుంది."

"ఎవరి ముందూ?"

"పెద్దాయనా, వచ్చిన పెద్దమనుషులూ. అందరూ దాన్నే చూస్తున్నారు."

ఆమె ఆ మాట పూర్తిగా వినకుండానే సమావేశపు గది వైపు నడిచింది. పరిగెత్తడానికి వీల్లేని స్థితి. నడకలోనే పరుగు.

లోపల పొడవాటి బల్ల చుట్టూ కోట్లు వేసుకున్న మగవాళ్లు కూర్చున్నారు. వాళ్ల మధ్య ఒక తెల్లజుట్టు ఆవిడ ఉంది. ఆ సంస్థలో ఆఖరి మాట ఆవిడదే. బల్ల నడుమ పంపు ఉంది. పక్కన నీళ్ల జగ్గు. తుపాను ఒక గరాటును వేళ్లతో పైకెత్తి పట్టుకున్నాడు.

"ఈ ముఖద్వారం చూడండి సార్. మెత్తటి అంచు. ఎక్కడా లీకవదు."

"పట్టు ఎలా ఉంటుంది?" అని ఒక కోటాయన అడిగాడు.

"పట్టిందంటే వదలదు సార్!"

తెల్లజుట్టు ఆవిడ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. జలుబు చేసిందేమోనని పెద్దాయన ఫ్యాను తగ్గించమన్నాడు. ఆవిడ గొంతు సవరించుకుని, "దీన్ని మీరు స్వయంగా వాడి చూశారా?" అని తుపానును అడిగింది.

"ఇంకా లేదు మేడమ్. వచ్చే వారం మా ఇంట్లో బిగిస్తున్నాను."

ఆ మాటకే తలుపు తెరుచుకుంది. ఆమెను చూడగానే పెద్దాయన లేచి నిలబడ్డాడు. "అదిగో, వచ్చేసింది! ఈవిడే. రామ్మా, నువ్వే చెప్పు."

"సార్, అది నా పంపు," అంది ఆమె.

"నీదేనమ్మా, పేరు నీకే వస్తుంది."

"అది కాదు సార్. అది పాల పంపు."

పెద్దాయన కళ్లు ఇంకా పెద్దవయ్యాయి. "పాలకి! నాకు తట్టనే లేదు చూశావా! డెయిరీ వాళ్లకన్నమాట! ఎన్ని గేదెలకి సరిపోతుంది?"

ఆమె జీవితంలో మొదటిసారి గొంతెత్తింది. "గేదెలకి కాదు సార్, నాకు! ఇంట్లో నా పాపకి పాలు తీసుకెళ్లడానికి! వేళ దాటిపోతోంది సార్, ఇంకో నిమిషం నిలబడలేను!"

తుపాను చేతిలోని గరాటును, ఎక్కడ పెట్టాలో తెలియక, మెల్లగా జగ్గు పక్కన పెట్టాడు. పట్టు గురించి అడిగిన కోటాయన పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. పెద్దాయన మొహం మీద ఆ రోజు వరండాలో విన్న మాటలన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి నడిచి వెళ్లాయి. సీసా, డాక్టరు, రెండు వైపులా, బస్సు. బస్సు దగ్గరకొచ్చేసరికి ఆయన కళ్లు మూసుకున్నాడు.

"అమ్మా, నేను నిన్ను..." అని మొదలుపెట్టాడు గానీ వాక్యం ముగించే మార్గం కనబడలేదు.

తెల్లజుట్టు ఆవిడ రుమాలు తీసేసి, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, తర్వాత లేచి నిలబడింది. "ఇంకా కూర్చున్నారేం? లేవండి అందరూ. అమ్మాయికి గది కావాలి. ఇక్కడ తెరలున్నాయి, గడియుంది, బయటికి పదండి."

"నమూనాల గదుంది కదండీ..." అని ఆమె వెనకే వచ్చిన తాళాలాయన గొణిగాడు.

"దానికి మీ దగ్గర రెండో తాళంచెవి కూడా ఉన్నట్టుంది కదండీ," అంది ఆవిడ. తాళాలాయన గుత్తిని గుప్పిట్లో మూసుకున్నాడు.

కుర్చీలు జరిగిన చప్పుడు, బూట్ల చప్పుడు, తలుపు పడిన చప్పుడు. ఆవిడ ఒక్కతే లోపల ఉండిపోయి, తలుపుకు వీపు ఆనించి కుర్చీ వేసుకుని అటు తిరిగి కూర్చుంది. ఆమె తన సంచీలోంచి వేరే గరాటులు తీసి అమర్చుకుని మీట నొక్కింది. మోటారు గుర్రుమంది. కాసేపటికి ఆమె భుజాలు దిగాయి.

"మా రోజుల్లో ఇవేం లేవమ్మా," అంది ఆవిడ గోడ వైపు చూస్తూనే. "ఆఫీసు బాత్రూములో నిలబడి పిండి పారబోసేదాన్ని. పారబోసినప్పుడల్లా ఏడుపొచ్చేది. మొహం కడుక్కుని వచ్చి మీటింగులో కూర్చునేదాన్ని. ఎవరూ అడిగినవాళ్లు లేరు."

"ఇక్కడ అందరూ అడిగారు మేడమ్. వాళ్లకు తెలిసే అడిగారనుకున్నాను. చాలా సంతోషపడ్డాను కూడా."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. నవ్వితే పాలు ఇంకా బాగా వస్తాయని ఆమెకు అప్పుడే తెలిసింది.

బయట వరండాలో పెద్దాయనకు కాలూ చెయ్యీ ఆడలేదు. చూపించాల్సిన బొమ్మలూ తెరా అన్నీ లోపలే ఉండిపోయాయి. అతిథులను అలా నిలబెట్టలేక, టీ తాగుదాం రమ్మని కింద షెడ్డులోకి తీసుకెళ్లాడు. అక్కడ పంపులు నీళ్లు తోడుతూ పరీక్షలో ఉన్నాయి. ఒకదాన్ని మించి ఒకటి రొద. ఆ రొదలో ఎవరికీ మాట్లాడే అవసరం లేకపోవడం అందరికీ హాయిగా ఉంది. పట్టు గురించి అడిగిన కోటాయన ఒక మూల ఆగి ఉన్న పంపు కనిపిస్తే దాని మీద టీ కప్పు పెట్టి రుమాలుతో చెమట తుడుచుకున్నాడు.

"ఇదెప్పుడు నడుపుతారు?" అని షెడ్డు మేస్త్రీని అరిచి అడిగాడు.

"పొద్దుట్నుంచీ నడుస్తూనే ఉంది సార్!"

కోటాయన వంగి చూశాడు. పంపు తిరుగుతోంది, గొట్టంలో నీళ్లు ధారగా పడుతున్నాయి, పైన కప్పులో టీ తొణకడం లేదు. మిగతావాళ్లను చెయ్యి ఊపి పిలిచాడు. పక్క పంపులు ఆపించి విన్నారు. చెవి ఆనిస్తే తప్ప చప్పుడు లేదు.

"ఇది మాకెందుకు చూపించలేదు?"

పెద్దాయన తుపాను వైపు చూశాడు. తుపాను నేల చూపులు చూశాడు. "పాత మోడల్ కదా సార్, ఎవరు చూస్తారని..."

"నిశ్శబ్దం గారు సెలవు మీద వెళ్లేముందు దీనికి కింద రబ్బరు దిమ్మలు వేసి, లోపల రెక్కలు మార్పించారండీ," అన్నాడు మేస్త్రీ. "అప్పట్నుంచీ ఇది నోరెత్తలేదు. చెప్తామంటే ఎవరూ కిందకి రారు."

ఆమె నిండిన సీసాలు సంచీలో పెట్టుకుని, తేలికపడ్డ ఒంటితో, తెల్లజుట్టు ఆవిడతో కలిసి కిందకి దిగేసరికి, కోట్లు వేసుకున్న మగవాళ్లంతా ఆ పంపు చుట్టూ మోకాళ్ల మీద కూర్చుని చెవులు ఆనించి ఉన్నారు. తెల్లజుట్టు ఆవిడ కూడా వంగి విని, ఆమెను నాలుగు ప్రశ్నలు అడిగింది. ఈసారి ప్రశ్నలూ జవాబులూ ఒకే పంపు గురించి. వెళ్లేముందు ఆవిడ పెద్దాయనతో, "ఇవే పంపండి మాకు. ఆ అమ్మాయికి ఒకటే తాళంచెవి ఉన్న గది ఇవ్వండి, అది ఆమె దగ్గరే ఉండాలి," అంది. పెద్దాయన రెండింటికీ సరేనన్నాడు. కింద యంత్రాల వరస ఆగలేదు.

ఆ సాయంత్రం అత్తగారు మిషను కడుగుతూ, మోటారు మీద బిళ్ల చూసి ఆగింది.

"ఇదీ మీ కంపెనీవాళ్లే చేస్తారా అమ్మాయ్? ఇన్నాళ్లూ చెప్పలేదే!"

"ఈ ఒక్కటే చేశారు అత్తయ్యా," అంది ఆమె. పాప ఆమె చంకలోంచి వాలి, ఆ బిళ్లను గోటితో పీకే ప్రయత్నం చేస్తోంది.

అప్పటి నుంచి ముఖ్యమైన అతిథులు ఎవరు వచ్చినా, సమావేశపు గది ఖాళీ లేదని చెప్పి నేరుగా షెడ్డుకు తీసుకెళ్లడం, గదిలో ఎవరూ లేకపోయినా సరే, ఆ కంపెనీ అమ్మకాల విధానమైంది.